చెరువు కౌలులో చేరని ఖర్చులు

సభ్యులందరికీ నమస్కారం. రొయ్యల చెరువులకు భూములు కౌలుకిచ్చే విషయమై నిన్నటి చర్చంతా ఎకరానికి ఎంత కౌలు వస్తుందనే దాని మీదే సాగింది కనుక, ఆ లెక్కలోకి రాని ఖర్చులను మీ దృష్టికి తేదలిచాను. 2009లో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి లభించిన తరువాత మన గోదావరి డెల్టాలో వరిచేలు చెరువులుగా మారడం బాగా పెరిగింది. ఉప్పునీటి బోరుతో నింపిన చెరువు పక్కనున్న చేను గట్టు వెంట నడిచి చూడండి: చెరువు ఉప్పునీటి ఊట దిగినంత మేర వరి దుబ్బు కట్టదు, ఆకు కొసలు ఎండిపోతాయి, వేసవిలో నేలపై తెల్లటి పొర తేలుతుంది. ఆ నష్టం పక్క రైతుదే. రొయ్య కొన్నవాడు దానికి పైసా చెల్లించడు. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నుంచి వదిలే నీరు మేత మడ్డితో, మందులతో సహా యనమదుర్రు వంటి మురుగు కాలువల్లో కలుస్తుంది. రాత్రిపూట పంట కాలువలోకే తూము ఎత్తేవారూ లేకపోలేదు. ఊరి మంచినీటి చెరువు నిండేది ఆ కాలువ నీటితోనే గనుక, డబ్బా నీళ్ల ఖర్చు సెంటు భూమి లేని ఇంటిపైనా పడుతోంది. తీరప్రాంత రొయ్యల చెరువుల వల్ల నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. కాబట్టి కొత్త కౌలు పత్రాల్లో ఊట పక్క చేనులోకి దిగకుండా పట్టే కాలువ తవ్వకం, నీరు వదిలే దారి, పక్క చేనుకు పరిహారం షరతులుగా చేర్చాలని నా ప్రతిపాదన. అభ్యంతరాలుంటే ఆదివారం లోపు ఇక్కడే తెలియజేయగలరు.