ప్రాసెసర్ మార్చేటప్పుడు వేడి సంగతీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి 2012 నాటి ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ తీయించి, అంతకంటే వేగమైన ఐ7-3610క్యూఎం ప్రాసెసర్ వేయించాడు. పాతది 35 వాట్లది, కొత్తది 45 వాట్లది అనీ, ఆ అదనపు వేడిని బయటికి పంపవలసిన రాగి గొట్టం, ఫ్యాను మాత్రం పాతవేననీ తిరుపతిలోని ఆ దుకాణంవారు ఒక్క ముక్క చెప్పలేదు. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్లో అది చిన్న విషయం కాదు. మే నెలలో ప్రాజెక్టు పని మధ్యలో యంత్రం రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది.

విప్పి చూస్తే ఫ్యాను ముందరి రేకుల్లో దుమ్ము దూదిపొరలా పేరుకుని ఉంది. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి చేరవేసే థర్మల్ పేస్టు పాతది ఎండి పెచ్చులు కట్టినా, తుడవకుండానే దాని మీద కొత్తది పూశారు. అంతా శుభ్రం చేసి, బియ్యపు గింజంత పేస్టు పెట్టి, విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గించాక టర్బో వేగం (పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ దానంతటదే పెంచుకునే అదనపు వేగం) ఆగి, వేడి అదుపులోకి వచ్చింది. వేగం కొంత తగ్గినా, నా దృష్టిలో యంత్రం నిలవడమే ముఖ్యం.

ఇంటెల్ అయిదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు బోర్డుకే అతికి వస్తున్నాయి కనుక ఈ మార్పిడి పాత యంత్రాలకే సాధ్యం. వాటిని కొనేది ఎక్కువగా డబ్బు కూడబెట్టుకున్న విద్యార్థులే. కాబట్టి మరమ్మతు దుకాణాలవారు రెండు ప్రాసెసర్ల వాట్లనూ, పేస్టు మార్చిన సంగతినీ బిల్లు మీద రాసి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విద్యార్థి తండ్రి, కొర్లగుంట, తిరుపతి