గేటుకు గ్రీజు ఎప్పుడు పెట్టారో కూడా అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో ముప్పై అయిదేళ్లు లస్కర్‌గా, అంటే గేట్లు, కాలువలు చూసుకునే కిందిస్థాయి ఉద్యోగిగా పనిచేసి 2016లో రిటైరయ్యాను. మాది ప్రకాశం జిల్లా సంతనూతలపాడు మండలం. అసెంబ్లీ జరిగే రోజుల్లో పొద్దున్నే టీవీ ముందు కూర్చుంటాను. ప్రశ్నోత్తరాలు అయిపోయేదాకా ఇంట్లో ఎవరినీ చానల్ మార్చనివ్వను. జలవనరుల శాఖ ప్రశ్న వచ్చిన రోజైతే అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటాను. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇన్నాళ్లకు రాస్తున్నాను.

ఆ ప్రశ్నలన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. ఫలానా ప్రాజెక్టు గేట్లు పాడైన విషయం వాస్తవమేనా, అయితే మరమ్మతులకు ఎంత ఖర్చు పెట్టారు, పని ఎప్పటికి పూర్తవుతుంది అని సభ్యులు అడుగుతారు. మొదటిదానికి మంత్రి గారు అవునండి అంటారు. రెండోదానికి ఇన్ని కోట్లు అని చదువుతారు. మూడోదానికి త్వరలో అంటారు. మొదటిదానికే లేదండి అన్నారంటే మిగతావాటికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. తర్వాత అనుబంధ ప్రశ్నలు వేసే అవకాశం ఉంటుంది. మంత్రి గారు కాగితం చూడకుండా జవాబు చెప్పాల్సి వచ్చేది అక్కడే. కానీ మన సభ్యులు చాలామంది ఆ సమయాన్ని వాళ్ల నియోజకవర్గంలో ఇంకో రోడ్డో, ఇంకో ఎత్తిపోతల పథకమో అడగడానికే వాడేస్తారు. గేటు పోయాక అయిన కోట్ల లెక్క బయటికొస్తుంది. గేటు పోకుండా చూడటానికి ముందేడాది ఎన్ని వేలు ఖర్చు పెట్టారన్నది ఎవరూ అడగరు. పెట్టారో లేదో కూడా అడగరు.

మా గుండ్లకమ్మనే తీసుకోండి. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర 2008లో ప్రారంభించిన రిజర్వాయరు అది. పదిహేను గేట్లు, మూడున్నర టీఎంసీలకు పైగా నీళ్లు, 80 వేల ఎకరాల ఆయకట్టు. 2022 ఆగస్టు ఆఖర్లో మూడో గేటు కొట్టుకుపోయింది. అప్పటికి దాని వయసు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిల్వ ఉన్న నీళ్లు కళ్లముందే సముద్రానికి పోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరద వచ్చినప్పుడు అక్కడే ఇంకో గేటు పోయింది. ఒకసారి దెబ్బ తిన్న చోటే పదహారు నెలలు తిరక్కుండా మళ్లీ దెబ్బ తగిలింది. ఆ మధ్యకాలంలో మిగిలిన గేట్లకు ఏమేం చేశారన్నదే నా ప్రశ్న. ఏ పార్టీ ప్రభుత్వం మీదా పెట్టి చెప్పడం లేదు. నేను పనిచేసిన ముప్పై అయిదేళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా గ్రీజు డబ్బా కోసం ఎదురుచూడటం మాత్రం మారలేదు.

గేటు ఉన్నట్టుండి పోదు. నేను కొత్తగా చేరినప్పుడు పని నేర్పిన పెద్దాయన ఒకాయన గేటు ఎత్తేటప్పుడు పక్కన ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. ‘గేటు పలికిద్దిరా అబ్బాయ్, చెవి పెట్టి విను’ అనేవాడు. గ్రీజు ఉన్న గేటు ఒకే తీరున మూలుగుతూ లేస్తుంది. గ్రీజు ఎండిపోతే అడుగు లేవగానే టక్కుమంటుంది, ఒక క్షణం ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ టక్కు వినపడ్డ రోజే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారికి చెప్పాలి. గేటును ఎత్తే ఇనప రోప్‌ను చూడటానికి ఒక పద్ధతి ఉంది. అరచేతికి బనీను గుడ్డ చుట్టుకుని రోప్‌ను పైనుంచి కిందికి మెల్లగా తడమాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు. కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. గ్రీజు పెట్టడం కూడా అంతే. పాత గ్రీజులో దుమ్ము, ఇసుక కలిసి నల్లగా ముద్ద కడుతుంది. దాన్ని కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి కొత్తది పట్టించాలి. తుడవకుండా పైన పూస్తే చూసినవాళ్లకు మెరుస్తుంది గానీ ఇరుసులోకి దిగదు. నాలుగు గేట్లకు ఇద్దరం కలిసి చేస్తే రెండు రోజులు పట్టేది.

ఈ పనికయ్యే ఖర్చు ఎంతని? కొన్ని డబ్బాల గ్రీజు, రబ్బరు సీళ్లు, రోప్, తుప్పు గీకి రంగు వేసే కూలి. ఒక దఫా రెండేళ్లపాటు మేం ఇండెంటు (సామాను కావాలని ఆఫీసుకు రాసే కాగితం) మీద ఇండెంటు పెట్టినా డబ్బా రాలేదు. నలుగురం తలా కొంత వేసుకుని లారీ షెడ్డు దగ్గర కొనుక్కొచ్చి పెట్టాం. అదే ఏడాది ఎవరో పెద్దలు వస్తున్నారని కట్ట మీద రెయిలింగుకు మాత్రం రెండు రోజుల్లో రంగులు వేయించారు. లెక్కల్లో ఆ రెండూ నిర్వహణ కిందే పడి ఉంటాయి. అందుకే మొత్తం ఎంత అని ఒక్క మాట అడిగితే జరిగింది తెలియదు. ఏ గేటుకు, ఏ తేదీన, ఏ పనికి ఎంత అయిందని విడివిడిగా అడగాలి.

ఆ పని నేనూ చేసి చూశాను. రిటైరయ్యాక మా మనవరాలి చేత సమాచార హక్కు దరఖాస్తు రాయించి, పది రూపాయల పోస్టలార్డరు జతచేసి పంపాను. నేను పనిచేసిన చోటు గురించే అడిగాను. ముప్పై రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. మొదటి అప్పీలు వేశాం. అప్పుడొచ్చిన కాగితంలో ఒకే వరుస ఉంది. ‘నిర్వహణ, మరమ్మతులు’ అని రాసి, పక్కన ఏడాది మొత్తానికి ఒక అంకె వేశారు. గేటు నంబరు లేదు, తేదీ లేదు. గేట్లకు రోజూ చేసిన పని రాసే లాగ్‌బుక్ నకలు అడిగితే భద్రత కారణాల వల్ల ఇవ్వడం కుదరదన్నారు.

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. గేటు తాళాలు ఎక్కడుంటాయి, కరెంటు ప్యానెల్ ఎక్కడుంది, రాత్రి కాపలా ఎవరిది అన్నవి దాచాలంటే నేను ఒప్పుకుంటాను. మా డ్యూటీలో మేమూ దాచాం. గ్రీజు పెట్టిన తేదీ దాచితే ఎవరికి భద్రత? ఆ నీటి కింద పొలాలున్నవాళ్లకా, ఏటి గట్టున ఇళ్లున్నవాళ్లకా? 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఖర్చుల వివరాలు ఎవరూ అడగకముందే శాఖ తనంతట తాను బయటపెట్టాలి. అడిగినా ఇవ్వని పరిస్థితిలో ఉన్నాం. నాలాంటివాడికైతే కుదరదని కాగితం మీద రాసి పంపేశారు. సభలో నిలబడి అడిగిన సభ్యుడికి మాత్రం అందరి ముందూ జవాబు చెప్పాల్సిందే. అందుకే మా ప్రకాశం, నెల్లూరు జిల్లాల శాసనసభ్యులను అడుగుతున్నాను.

2021 చివర్లో కేంద్రం డ్యాం భద్రత చట్టం తెచ్చింది. దాని ప్రకారం చట్టం కిందికొచ్చే ప్రతి డ్యామునూ వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాలి. నిర్వహణకు, మరమ్మతులకు విడిగా డబ్బు కేటాయించాలి. మన రెండు జిల్లాల్లో గుండ్లకమ్మ, సోమశిల, కండలేరు ఉన్నాయి. ఈ మూడింటికీ గత రెండేళ్లలో జరిగిన తనిఖీల రిపోర్టులు సభ ముందు పెట్టమని అడగండి. అందులో ఇంజనీర్లు ఏం చేయమన్నారు, దానికి ఎంత అడిగారు, ఎంత వచ్చింది, వచ్చినదాంట్లో ఎంత గేటు దాకా చేరింది అని అనుబంధ ప్రశ్న వేయండి. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే కూడా తెగి, నెల్లూరుకు రాకపోకలు ఆగిపోయాయి. అంత నీటిని వదిలిన సోమశిల గేట్లను ఆ తర్వాత విప్పి చూశారా, చూస్తే ఏం కనపడింది అన్నది నెల్లూరు సభ్యులకు తెలియాలి కదా.

ఆ నవంబరులోనే కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎంతోమంది చనిపోయారు. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని ఆ డిసెంబరులో కేంద్ర మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. అదే ప్రశ్న ఆర్నెల్ల ముందు మన అసెంబ్లీలో ఎవరైనా అడిగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అదే ఏడాది ఆగస్టులో పులిచింతలలో పదహారో గేటు పోయింది. 2024 ఆగస్టులో తుంగభద్రలో రాత్రిపూట గొలుసు తెగి పందొమ్మిదో గేటు పోతే, అక్కడ స్టాప్‌లాగ్ గేటు (పోయిన గేటు చోట నీళ్లు ఆపడానికి దించే తాత్కాలిక అడ్డు) దించడానికి పదుల టీఎంసీల నీళ్లు వదులుకోవాల్సి వచ్చింది. ఈ గేట్ల నంబర్లు నాకు నోటికొచ్చేశాయి. మా ఇంట్లోవాళ్లు ఎందుకు ఇంత టెన్షన్ పడతావంటారు. రాత్రి వాన గట్టిగా పడితే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మనుషుల సంగతి కూడా అడగాలి. నేను దిగిపోయినప్పుడు నా చోటికి ఎవరినీ వేయలేదు. నా బీటు, అంటే నేను చూసుకునే పరిధి, పక్కబీటువాడికి కలిపారు. అతనూ దిగిపోయాడు. ఇప్పుడు అవుట్‌సోర్సింగ్ పిల్లలు ఉన్నారు, మంచివాళ్లే, కానీ గేటు పలికే తీరు వాళ్లకు నేర్పే పెద్దాయన లేడు. ఒక్కో ప్రాజెక్టు మీద రాత్రి పన్నెండు గంటలకు గేటు ఎత్తడం తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటున్నారు, జనరేటరు చివరిసారి ఎప్పుడు వేసి చూశారు, అందులో డీజిలు ఉందా, కింది ఊళ్లను లేపడానికి సైరను పనిచేస్తోందా? కెమెరాలు పెట్టామని జవాబొస్తే సరిపోదు. కెమెరాలో గేటు విరగడం కనపడుతుందేమో గానీ, దాన్ని ఎత్తాల్సింది మనిషే.

ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల కమిటీలో ఉన్న సభ్యులకు ఇంకో విన్నపం. కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టు వచ్చాక చూసేది జరిగిపోయిన ఖర్చు. అలా కాకుండా ఒకసారి మల్లవరం వచ్చి, అధికారులను పక్కన పెట్టుకుని, ఆఫీసు లాగ్‌బుక్ అక్కడే తెరిపించండి. అందులో గ్రీజు పెట్టినట్టు రాసి ఉన్న గేటు దగ్గరికి నడిచి వెళ్లి ఇరుసు మీద వేలు పెట్టి చూడండి. వచ్చిన జవాబులను రిజర్వాయరు దగ్గరా, కింది పంచాయతీ ఆఫీసుల్లోనూ తెలుగులో బోర్డు మీద రాయించండి. రైతు వెళ్లి చదువుకుంటాడు.

నా సర్వీసులో నేను రాసుకున్న రూళ్ల నోటుపుస్తకాలు పదకొండు నా దగ్గరున్నాయి. ఏ రోజు ఏ గేటుకు ఏం చేశామో, రబ్బరు సీలు దగ్గర ఎంత నీరు కారిందో, ఏ ఇండెంటు ఎన్ని నెలలకు వచ్చిందో తేదీలతో సహా ఉన్నాయి. ఏ పార్టీ సభ్యులైనా సరే, ప్రశ్న తయారు చేసుకోవడానికి పనికొస్తాయనుకుంటే మీ పత్రికకు కబురు చేయమనండి. నేనే తీసుకొచ్చి ఇస్తాను, ఏ పేజీలో ఏముందో పక్కన కూర్చుని చెబుతాను. చూశాక నా పుస్తకాలు నాకు తిరిగి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లస్కర్,
సంతనూతలపాడు మండలం, ప్రకాశం జిల్లా