ర్యామ్ కొనకు, ముందు గడియారం చూడు

హన్మకొండ

ప్రియమైన దోస్త్‌కు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసంతా నీ రికార్డింగ్ మీదే ఉందిరా. ఒగ్గు కథ మంచి ఊపులో ఉన్నప్పుడు, డోలు దెబ్బ నడుమ రికార్డింగ్ ప్రోగ్రాం తెగిపోతే ఎంత బాధో నాకు తెలుసు. అదే ఊపుతో మళ్లీ చెప్పమని ఆ కళాకారులను ఎట్లా అడుగుతాం? మెషిన్ వేగం కోసం కొందామనుకుంటున్న ర్యామ్ మాత్రం అప్పుడే కొనకు. మెషిన్ ఆన్ చేసిన కొత్తలో బాగుండి, గంటలు గడిచేకొద్దీ చెడుతోందని రాశావు చూడు, అది వేగం చాలక వచ్చే జబ్బులా లేదు. లోపలి గడియారాలు ఒకదానితో ఒకటి కలవక వచ్చేది.

1993లో పెంటియం వచ్చినప్పటి నుంచి ప్రాసెసర్‌లో టీఎస్‌సీ (టైమ్ స్టాంప్ కౌంటర్) అనే కౌంటర్ ఉంటోంది. క్లాక్ ఒక్కసారి కొట్టుకుంటే దాని అంకె ఒకటి పెరుగుతుంది. చదవడానికి కొన్ని పదుల క్లాక్ దెబ్బల సమయం చాలు, అందుకే ఆడియో ప్రోగ్రాములు రాసేవాళ్లకు అదంటే ప్రాణం. సౌండ్ కార్డుకూ రికార్డింగ్ ప్రోగ్రాంకూ నడుమ శబ్దాన్ని అందించే సాఫ్ట్‌వేర్, నువ్వు వాడే పాత జాక్ కూడా టైమ్ దాన్నే అడిగేది. ప్రాసెసర్‌లో పని చేసే భాగం, అంటే కోర్, ఒక్కటే ఉన్నన్నాళ్లు ఏ పేచీ లేదు. నీ దగ్గరున్నలాంటి తొలినాటి రెండు కోర్ల మెషిన్లలో కోర్‌కొక టీఎస్‌సీ. పైగా ఖాళీగా ఉన్న కోర్ కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుంటుంది, దాంతో దాని లెక్కా నెమ్మదిస్తుంది. 2 గిగాహెర్ట్జ్ కోర్ 1కి దిగిందంటే, ఒక్క సెకనులో పక్కదానికంటే వంద కోట్ల అంకెలు వెనకబడ్డట్టే.

కాజీపేటలో స్టేషన్ గడియారం చూసి రైలెక్కి, వరంగల్‌లో దిగి అరగంట వెనకున్న గడియారం చూశామనుకో, ఎక్కకముందే దిగినట్టు లెక్క తేలుతుంది. నీ మెషిన్‌ను నడిపే లినక్స్ నీ ఆడియో త్రెడ్‌ను (శబ్దం పని చూసే ప్రోగ్రాం ముక్కను) ఒక కోర్ మీంచి ఇంకోదాని మీదికి మార్చినప్పుడు జరిగేది ఇదే. 48,000 శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలవడం), 64 ఫ్రేముల బఫర్ (ఒక్కో విడతకు అన్ని కొలతలు) అన్నావు. అంటే ఒక్కో విడతకు జాక్ చేతిలో ఉండేది 1.33 మిల్లీసెకన్లే. టీఎస్‌సీ లెక్కలో దాదాపు 27 లక్షల అంకెలు. రెండు కోర్ల మధ్య అంత తేడా వచ్చిందా, జాక్ ఎక్స్‌రన్ (గడువు తప్పింది) అని రాసుకుని, ఆలస్యం చేసిందంటూ రికార్డింగ్ ప్రోగ్రాంను బయటికి నెట్టేస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పని టైముకే అయింది, శబ్దమూ సరిగ్గానే ఉంది, తప్పంతా కొలిచిన గడియారానిది!

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. లినక్స్ సెట్టింగులుండే సిస్ ఫోల్డర్‌లో డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్, క్లాక్‌సోర్స్0 దాకా పో. అక్కడ కరెంట్_క్లాక్‌సోర్స్ అనే ఫైల్ ఉంటుంది. అందులో టీఎస్‌సీ అని ఉంటే తీసేసి హెచ్‌పెట్ అని రాయి. హెచ్‌పెట్ కోర్ల బయట ఉండే గడియారం, అన్ని కోర్లకూ అదొక్కటే. చదవడానికి దాదాపు మైక్రోసెకను పడుతుంది, మన పనికి అదో లెక్క కాదు. తర్వాత జాక్ నడిపే కమాండ్‌లో మైనస్ సి, ఎస్ అని చేర్చు. అప్పుడది టీఎస్‌సీని నేరుగా అడగడం మానేసి కెర్నల్‌ను (లినక్స్ గుండెకాయను) అడుగుతుంది. ఇది చేయకపోతే మొదటిది చేసి లాభం లేదు. ఒక కోర్ ఆపేసి నడుపుతున్నానన్నావు, ఇక ఆ అవసరం ఉండదు.

మెషిన్ మార్చే ఆలోచనే ఉంటే, ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైల్‌లో కాన్‌స్టంట్_టీఎస్‌సీ, నాన్‌స్టాప్_టీఎస్‌సీ రెండూ కనబడేది చూసి తీసుకో. కోర్ వేగం మారినా, నిద్రపోయినా ఆగని కౌంటర్ అన్నమాట. 2008 చివర్లో నెహలేమ్ ప్రాసెసర్లతో ఇంటెల్ దీన్ని తెచ్చింది.

ఇంకొకటి, డోలుకు ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, గొంతుకు ఇంకోటి పెడుతున్నావు కదా. దీనికి పై మందు పనిచేయదు. ఏ కార్డు క్రిస్టల్ (లోపల టైము కొట్టే స్ఫటికం) దానిదే. రెండింటికీ పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 8,640 శాంపిళ్లు, అంటే 0.18 సెకను ఎడం వస్తుంది. గంట కథ చివరికొచ్చేసరికి డోలు ఒకచోట, గొంతు ఒకచోట. కార్డుల వెనక వర్డ్ క్లాక్ సాకెట్లు (ఒక కార్డు గడియారాన్ని రెండోదానికి అందించేవి) ఉన్నాయేమో చూసి ఫోన్ చెయ్యి. లేకపోతే నా దగ్గర నాలుగు ఇన్‌పుట్ల కార్డు ఖాళీగానే ఉంది, జగిత్యాలకు ఆర్టీసీ కార్గోలో వేస్తా. అమ్మకు, నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

నీ దోస్త్