రికార్డింగ్ బాక్సు రుసుములు, కనెక్షన్ అవసరాలు ముందుగా తెలపకపోవడంపై ఫిర్యాదు

బ్రాడీపేట,
గుంటూరు.

నోడల్ అధికారి గారికి,
వినియోగదారుల ఫిర్యాదుల విభాగం.

విషయం: హెచ్‌డీ రికార్డరు సెటాప్ బాక్సుకు అవసరమైన కనెక్షన్ గురించి, వర్తించే రుసుముల గురించి అమ్మకానికి ముందు తెలపకపోవడం, వసూలు చేసిన సొమ్ము వాపసు కోరడం.

అయ్యా,

నేను చాలాకాలంగా మీ డీటీహెచ్ చందాదారుణ్ణి. మొన్న వేసవిలో పాత సెటాప్ బాక్సు ఇచ్చేసి, ఒక ఛానల్ చూస్తూనే మరొక ఛానల్‌ను రికార్డు చేసుకోవచ్చని మీ వెబ్‌సైటులో ప్రకటించిన, మీ డీలరు కూడా అదే మాట చెప్పి అమ్మిన రికార్డరు బాక్సును తీసుకున్నాను. బాక్సు చెడిపోయిందని నేను అనడం లేదు. అది చెప్పినట్టు పనిచేయాలంటే డిష్ నుంచి ఇంటికి ఎలాంటి కనెక్షన్ ఉండాలో, అందుకు మొత్తం ఎంత ఖర్చవుతుందో డబ్బు కట్టించుకునే ముందు మీ తరఫున ఎవరూ చెప్పలేదన్నదే నా ఫిర్యాదు.

ఈ బాక్సు మా ఇంట్లో ఎందుకు అవసరమైందో కూడా మీకు తెలియాలి. మా అమ్మగారికి ఎనభై దాటాయి. తిరుమల వెళ్లే ఓపిక లేదు గనుక శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్‌లో వచ్చే బ్రహ్మోత్సవాల వాహన సేవలే ఆవిడకు దర్శనం. రాత్రి వాహన సేవ జరిగే వేళకు ఆవిడ నిద్రపోతారు. పిల్లలు క్రికెట్ పెట్టుకునేదీ ఆ వేళకే. అయిదో రోజు రాత్రి గరుడ సేవను రికార్డుకు పెట్టి, మర్నాడు పొద్దున అమ్మను కూర్చోబెట్టి చూపించబోతే, మొదటి కొద్ది నిమిషాలు తప్ప మిగిలినదంతా నల్ల తెరే. మీ కస్టమర్ కేర్ వారు వాన కారణమై ఉంటుందన్నారు. డీటీహెచ్ ప్రసారాలు వాడే కేయూ బ్యాండు (ఒక తరంగాల శ్రేణి) సంకేతాలు జోరు వానకు బలహీనపడే మాట నిజమే గాని, ఆ రాత్రి గుంటూరులో చినుకు కూడా పడలేదు, పైగా అదే సమయంలో మ్యాచ్ మాత్రం ఆటంకం లేకుండా వచ్చింది.

కారణం తర్వాత బాక్సుతో వచ్చిన పుస్తకంలోనే దొరికింది. ఈ రికార్డరులో రెండు ట్యూనర్లు, అంటే ఒక్కో ఛానల్ సంకేతాన్ని పట్టుకునే భాగాలు, ఉన్నాయి. డిష్‌కు బిగించిన ఎల్‌ఎన్‌బీ (ఉపగ్రహ సంకేతాన్ని అందుకుని కేబుల్‌లోకి పంపే పరికరం) నిలువు, అడ్డం ధ్రువణాలలో (తరంగాలు కంపించే దిశలలో) ఏ సంకేతాన్ని కిందికి పంపాలన్నది బాక్సు నుంచి కేబుల్ ద్వారా పైకి వెళ్లే వోల్టేజీ నిర్ణయిస్తుంది: 13 వోల్టులైతే ఒకటి, 18 వోల్టులైతే మరొకటి. మామూలు ఎల్‌ఎన్‌బీకి బిగించిన ఒక్క కేబుల్‌లో ఒక సమయంలో ఈ రెండింటిలో ఒకటే నడుస్తుంది. అందువల్ల రెండు ట్యూనర్లూ స్వతంత్రంగా పనిచేయాలంటే రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బీ ఉండాలి, దాని నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు బాక్సు వరకు రావాలి. లేదంటే ఒకే కేబుల్‌పై రెండు ట్యూనర్లనూ నడిపించే ప్రత్యేకమైన ఎల్‌ఎన్‌బీ, దానికి తగిన బాక్సు ఉండాలి. మా డిష్‌కు ఉన్నది ఒక్క అవుట్‌పుట్ ఎల్‌ఎన్‌బీ. మీ టెక్నీషియన్ దాన్ని మార్చకుండా, పాత కేబుల్ చివర దాన్ని రెండుగా చీల్చే స్ప్లిట్టరు ఒకటి పెట్టి, దాని రెండు కొసలను బాక్సుకు కలిపి, అంతా సరిగా ఉందని సంతకం తీసుకుని వెళ్లిపోయారు.

స్ప్లిట్టరు వల్ల రెండు ట్యూనర్లూ ఒకే ఎల్‌ఎన్‌బీ మీద ఆధారపడ్డాయి. చూస్తున్న ఛానల్, రికార్డవుతున్న ఛానల్ ఒకే ధ్రువణంలో ఉంటే ఏ ఇబ్బందీ కనిపించదు. వేర్వేరు ధ్రువణాల్లో ఉన్నప్పుడే ఒకటి ఆగిపోతుంది. నేను తర్వాత జాగ్రత్తగా పరీక్షించి చూశాను: కొన్ని ఛానళ్ల జతలు ప్రతిసారీ చక్కగా రికార్డయ్యాయి, మరికొన్ని ప్రతిసారీ నల్ల తెరగానే మిగిలాయి. ఈ సమస్య వచ్చిపోతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. డిష్ మీద ఓనమాలు తెలియని చందాదారుడు తన రిమోట్‌నో, తన ఇంటి కరెంటునో అనుమానించుకుంటూ నెలలు గడిపేస్తాడు. మీ శిక్షణ పొందిన మనిషికి మాత్రం బిగించేటప్పుడే ఇది తెలిసి ఉండాలి.

ఇక రుసుముల సంగతి. వెబ్‌సైటులో కనిపించింది బాక్సు ధర ఒక్కటే. బిగించే రోజున ఇన్‌స్టలేషన్, యాక్టివేషన్ రుసుములు అడిగారు. మరుసటి రీఛార్జ్‌లో రికార్డింగ్ సేవ పేరిట నెలకు 50 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కోత పడింది. నేను ఫిర్యాదు చేసిన తర్వాత వచ్చిన టెక్నీషియన్ 250 రూపాయల విజిట్ చార్జీ తీసుకుని, రెండో కేబుల్‌కు, ఎల్‌ఎన్‌బీ మార్పుకు మరో 1,400 రూపాయలవుతుందని చెప్పారు. మాది మూడో అంతస్తు. డిష్ మేడ మీద ఉంది. గోడలోని పైపులో రెండో కేబుల్ పట్టదు. ఈ ఒక్క మాట కొనేముందు మీవారు నన్ను అడిగి ఉంటే నేను ఈ బాక్సు తీసుకునేవాణ్ణే కాదు.

మరొక విషయం నన్ను ఎక్కువగా బాధించింది. ఒకసారి రీఛార్జ్ గడువు దాటగానే, అప్పటికే మా హార్డ్‌డిస్కులో ఉన్న రికార్డింగులు కూడా తెరుచుకోలేదు. అవి ఆ బాక్సుకే తాళం వేసి ఉంటాయని, బాక్సు మార్చితే పోతాయని కస్టమర్ కేర్‌లో అప్పుడు చెప్పారు. ప్రసార హక్కుల రక్షణకు ఇలాంటి ఏర్పాటు అవసరమన్న వాదన నాకు అర్థమవుతుంది. దాన్ని దాచి అమ్మడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. 500 జీబీ అని పెద్ద అక్షరాలతో అట్టపెట్టె మీద అచ్చువేసినవారు, ఆ నిల్వను వాడుకునే హక్కు రీఛార్జ్ ఉన్నన్నాళ్లేనని అదే పెట్టె మీద మరో వాక్యం రాయడం కష్టమేమీ కాదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల్లో ఇన్‌స్టలేషన్‌కు 350 రూపాయలు, యాక్టివేషన్‌కు 100 రూపాయలు గరిష్ఠ పరిమితిగా ఉండేవి. 2024 జూలై సవరణలతో ఆ పరిమితులను తొలగించి, ధర నిర్ణయాన్ని సంస్థలకే వదిలి, తమ సేవల ధరలను అవే ప్రకటించాలని చెప్పారు. పరిమితి పోయినప్పుడు ముందుగా చెప్పవలసిన బాధ్యత మరింత పెరుగుతుందని నా నమ్మకం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వస్తుసేవల నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కును నాకు ఇచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో అసలు ధరలోని భాగాలను ముందు దాచి తర్వాత ఒక్కొక్కటిగా బయటపెట్టే పద్ధతిని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. నా విషయంలో జరిగింది అదేనని నేను భావిస్తున్నాను.

కాబట్టి మా ఇంటికి వీలయ్యే పద్ధతిలో, అదనపు ఖర్చు లేకుండా, రెండు ట్యూనర్లూ పనిచేసే కనెక్షన్ ఇవ్వండి. అది సాధ్యం కాకపోతే బాక్సు వెనక్కి తీసుకుని దాని ధరను, ఇన్‌స్టలేషన్, యాక్టివేషన్ రుసుములను పూర్తిగా చెల్లించండి. ఏది చేసినా, ఇంతవరకు తీసుకున్న రికార్డింగ్ రుసుమును, విజిట్ చార్జీని జీఎస్టీతో సహా నా ఖాతాకు తిరిగి జమచేయాలి. నా వద్ద వసూలు చేసిన ప్రతి రుసుమూ ఏ సేవకు, ఏ కాలానికి సంబంధించినదో విడివిడిగా చూపే పత్రం కూడా కావాలి. ఇకపై ఈ బాక్సును ఎవరికి అమ్మినా, కేబుళ్లు ఎన్ని కావాలి, ఎల్‌ఎన్‌బీ ఏ రకం కావాలి, నెలవారీ రుసుము ఎంత, రీఛార్జ్ ఆగితే రికార్డింగులు ఏమవుతాయి అన్నవి తెలుగులో రాసిన కాగితాన్ని డబ్బు తీసుకోకముందే చేతికివ్వాలని మీ డీలర్లను ఆదేశించండి. మా వీధిలోనే ఈ బాక్సు కొన్నవారు మరికొందరున్నారు. వారందరి ఇళ్లలోనూ ఒక్క కేబులే ఉంది.

బాక్సు రసీదు, రీఛార్జ్ వివరాలు, విజిట్ చార్జీ రసీదు, స్ప్లిట్టరు బిగించిన చోటి ఫోటో, బాక్సు పుస్తకంలోని కనెక్షన్ పేజీ నకలు ఈ లేఖతో జతపరుస్తున్నాను. లేఖ అందిన పదిహేను రోజుల్లోగా రాతపూర్వకమైన సమాధానం రాకుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, గుంటూరు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ చందాదారుడు,
బ్రాడీపేట, గుంటూరు.