అడవిలో టెంటుకి కరెంటు ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

పోయిన డిసెంబరులో ఒక శనివారం రాత్రి పాడేరు వైపు ఒక కొండ మీద టెంటు అద్దెకు తీసుకుని నేను, మావారు, ఇంటర్ చదివే మా అబ్బాయి ఉన్నాం. తెల్లవారుజామున లోయలో పరుచుకునే మబ్బులు చూడాలని మావాడి కోరిక. ఆ కొండ మీద చిన్న చదునులో, ఒక టెంటు తాడు ఇంకో టెంటుకి తగిలేంత దగ్గరగా వరసలు కట్టారు. పక్కనే జనరేటరు. నాలుగు వైపులా ఫోకస్ లైట్లు. సౌండ్ బాక్సులు రాత్రి రెండు దాటాక గానీ ఆగలేదు. చలికాలం, మబ్బులేని ఆకాశం, అయినా ఆ లైట్ల వెలుగులో చుక్కలు కనపడలేదు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఎక్కడని అడిగితే చీకట్లో పొదల వైపు చెయ్యి చూపించారు.

పొద్దున కిందికి దిగి వస్తుంటే ఊట దగ్గర ఒకామె బిందె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నీళ్ల మీద తేలుతున్న ప్లాస్టిక్ గ్లాసులు ఒక్కొక్కటే తీసి గట్టు మీద వేస్తోంది. ఆదివారం వస్తే ముందు ఈ పని చేసుకుని తర్వాత నీళ్లు పట్టుకుంటామంది. శనివారం రాత్రిళ్లు పిల్లలు పడుకోరట. కోపంగా కూడా చెప్పలేదు. ఆ గ్లాసుల్లో మాది ఒక్కటీ లేకపోవచ్చు. కానీ అక్కడికి డబ్బు కట్టి వెళ్లినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

టెంట్లు వద్దని నేను అనను. రంప ఏజెన్సీలో మారేడుమిల్లి దాటాక వలమూరు దగ్గర అటవీశాఖ, వన సంరక్షణ సమితి కలిసి నడిపే జంగిల్ స్టార్ క్యాంపుకి మా అబ్బాయి చిన్నప్పుడు వెళ్లాం. గడ్డి మైదానం చుట్టూ వాగు తిరిగి వెళ్తుంది. ఊరి కుర్రాళ్లే బొంగులో చికెన్ వండి పెట్టారు. రాత్రంతా వాగు చప్పుడు, కీచురాళ్లు, మధ్యలో ఎప్పుడో ఒక గుడ్లగూబ. మావాడు మిణుగురుల్ని లెక్కపెడుతూ నా ఒళ్లోనే నిద్రపోయాడు. కొండ మీద టెంటు అనగానే వాడు ఎగిరి గంతేసింది ఆ రాత్రి గుర్తుండే.

రెండేళ్ల కిందట అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే మా తమ్ముడు మమ్మల్ని గిఫర్డ్ పింషో నేషనల్ ఫారెస్టుకి తీసుకెళ్లాడు. 1905లో ఆ దేశపు అటవీశాఖకి మొదటి అధిపతి అయిన మనిషి పేరే ఆ అడవికి పెట్టారు. మేం దిగిన చోట గేటు దగ్గర మనిషి కూడా లేడు. ఒక బోర్డు, కాగితం కవర్లు, భూమిలో పాతిన ఇనప గొట్టం, అంతే. కవరులో డబ్బు పెట్టి, పేరు రాసి ఆ గొట్టంలో వేసి మన చోటు మనం చూసుకోవాలి. ఒక్కో టెంటు చోటులో ఒక చెక్క బల్ల, మంట వేసుకోవడానికి ఒక ఇనప చట్రం. కరెంటు లేదు. కుళాయి లేదు, తాగే నీళ్లు మేమే మోసుకెళ్లాం. కట్టినదల్లా కింద లోతైన గొయ్యి ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే, అది శుభ్రంగా ఉంది. ఒక ఆడమనిషి నిశ్చింతగా అడవిలో పడుకోవడానికి ఆ ఒక్క కట్టడం చాలని నాకు అక్కడే తెలిసింది. రాత్రి 10 దాటాక పక్క కుటుంబం మాటలు కూడా వినపడలేదు.

అక్కడివాళ్లు పిల్లలకి కూడా నేర్పే లెక్క ఒకటి ఉంది. టెంటు వేసినా, అంట్లు తోమినా, కాలకృత్యాలకి వెళ్లినా వాగుకి 200 అడుగుల దూరంలో ఉండాలి. పెద్దవాళ్ల నడకలో అది సుమారు 70 అంగలు. మన కొండల్లో పైన ఊరే నీటిని గొట్టాలతో కిందికి దింపుకుని తాగే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్ల ఊటకి ఈ 70 అంగల నియమం ఇంకా అవసరం.

మనకి చట్టాలు లేక కాదు. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు పెట్టకూడదు. శ్రీశైలం ఘాట్‌లో పులుల కోసం, మిగతా జంతువుల కోసం రాత్రి 9కే గేట్లు వేస్తున్నారు. లారీలు, బస్సులు పొద్దున 6 దాకా ఆగుతున్నాయి. అంత పెద్ద రోడ్డునే ఆపగలిగినప్పుడు కొండెక్కే దారిలో ఒక జనరేటర్ని, నాలుగు సౌండ్ బాక్సుల్ని ఆపలేమా? సీసాల విషయంలో నీలగిరుల్ని చూడండి. 2022 నుంచి అక్కడ మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తున్నారు. మన కొండ దారుల్లోనూ ఆ పద్ధతి పెట్టవచ్చు. ప్లాస్టిక్ పళ్లేలు పైకి మోసుకెళ్లడం ఎందుకు? అడ్డాకులతో విస్తళ్లు కుట్టేవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు.

మంట గురించి కూడా ఒక మాట. లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. అంత చలిలో నెగడు వద్దని ఎవరూ అనలేరు. కానీ టెంటుకొక మంట వేస్తే చుట్టూ చెట్ల కొమ్మలు మిగలవు. అందరికీ కలిపి ఒక నెగడు, దానికి ఊరివాళ్లు అమ్మే కట్టెలు చాలు. ఆకు రాలి ఎండే ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అదీ వద్దు.

నాకు ఎక్కువ భయం మరొకటి. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రభుత్వం ఆమోదించిన అటవీ ప్రణాళికల్లో ఉన్న ఎకో టూరిజం వసతుల్ని అటవీయేతర పనుల లెక్కలోంచి తీసేశారు, అంటే వాటికి కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదు. సౌకర్యం పేరుతో రేపు ఆ చదునుల్లో సిమెంటు కాటేజీలు, వాటి వెనకే బోర్లు, కరెంటు స్తంభాలు రావడం తేలికవుతుంది. టెంటు గుడ్డ మడిచేస్తే కొన్నాళ్లకి గడ్డి మళ్లీ లేస్తుంది. పునాది తవ్వితే ఆ నేల మళ్లీ మామూలు కాదు.

పర్యాటకం వల్ల గిరిజనులకి ఉపాధి అంటారు. నిజంగా వాళ్లకే అందితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకుండా 1/70 చట్టం ఉంది. మరి మేం ఉన్న చోట టెంట్లు మోసింది, వేసింది ఆ ఊరి కుర్రాళ్లు, డబ్బు తీసుకుంది మైదానం నుంచి వచ్చిన మనిషి. ఆ కుర్రాళ్లకి రాత్రికి ఎంత ఇస్తారని అడిగితే తల దించుకుని నవ్వారు. నల్లమలలో బైర్లూటి క్యాంపులో చెంచులు గైడ్లుగా పనిచేస్తున్నారు. అలాంటివి పాడేరు కొండల్లోనూ రావాలి, అద్దె నేరుగా ఊరి ఖాతాలో పడాలి.

కార్తీకమాసం వస్తే మళ్లీ కార్లు కొండెక్కడం మొదలవుతుంది. ఆ లోపే పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీశాఖ అధికారులు ఆ ఊళ్లలో గ్రామసభ పెట్టించాలి. గిరిజన ప్రాంతాల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకి గొంతు ఇచ్చింది కదా. ఏ కొండ మీద రాత్రికి ఎన్ని టెంట్లు ఉండవచ్చో ఆ ఊట నీళ్లు తాగేవాళ్లతోనే చెప్పించి, ఆ సంఖ్యని కొండ కింద బోర్డు మీద రాయించండి. మాకు చోటు దొరక్కపోతే ఇంకో వారం వస్తాం.

- ఒక పాఠకురాలు, అనకాపల్లి