వేట నిషేధ భృతి: ఖాతా ఒకసారి చూసుకోండి

కొత్తపట్నం గ్రూపులో అన్నలకీ అక్కలకీ నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట బంద్. ఆ రోజులకి ప్రభుత్వం మనకిచ్చే భృతి చేతికివ్వరు, నేరుగా బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఏ ఖాతాలో? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆధార్ మీద పంపే డబ్బు, మీరు చివరిసారి ఆధార్ సీడింగ్ (ఆధార్ డబ్బు ఈ ఖాతాలోనే పడాలని బ్యాంకులో ఆధార్ నంబరు కలిపించడం) చేయించిన బ్యాంకుకే పోతుంది. ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు.

మా నాన్న డబ్బు ఒకసారి ఎప్పుడో లోను కోసం తెరిచిన పాత ఖాతాలో పడింది. నెలన్నర తిరిగాం, రోజూ బస్సు చార్జీలు పెట్టుకుని.

ఆదివారం పొద్దున 8కి రామాలయం దగ్గరికి రండి. మైఆధార్ సైట్‌లో అందరి సీడింగ్ చూసిపెడతాను. ఆధార్ కార్డు, పాసుబుక్కు, ఆధార్‌కి ఎక్కించిన ఫోను తేవాలి. ఓటీపీ మీ చేత్తో మీరే కొట్టండి, నాకు కూడా చెప్పొద్దు. ఉప్పునీళ్లకి తడిసి నంబరు చెరిగిన పాసుబుక్కులు శనివారంలోగా బ్యాంకులో మార్పించుకోండి.

తాళ్లు లాగి వేలిముద్రలు అరిగిన పెద్దోళ్లకి వేలిముద్ర మిషన్ పట్టకపోవచ్చు, వాళ్లకి ఓటీపీ ఒక దారి. ఆధార్‌కి ఫోన్ నంబరు లేకపోతే ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

భృతి పేరుతో లింకులొస్తే నొక్కొద్దు. పక్కింటి తాతకి ఫోన్ లేదు, ఈ మాట నోటితో చెప్పండి.