అల్లిక కేబుల్స్ ఎందుకు తెగాయి, ఇప్పుడు ఏం మార్చాం

మా దగ్గర అల్లిక తొడుగున్న హెడ్‌ఫోన్ కేబుల్స్ తీసుకున్నవాళ్లలో కొందరు వాటిని వెనక్కి పంపారు. అందరి ఫిర్యాదూ ఒకటే: ప్లగ్ దగ్గర వైరు కాస్త కదిలితే ఒక చెవిలో శబ్దం పోతోంది, మళ్లీ కదిలిస్తే వస్తోంది. లోపం మేం చివర్లు కట్టిన పద్ధతిలో ఉంది. ఏం జరిగిందో, ఇప్పుడు ఏం మార్చామో, మీ దగ్గరున్న కేబుల్‌ను ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

వెనక్కి వచ్చిన ప్రతి కేబుల్ ప్లగ్‌నూ విప్పి చూశాం. సోల్డర్ (కరిగించి తీగలను అతికించే లోహం) జాయింట్లు మెరుస్తూ గట్టిగానే ఉన్నాయి. వైరు తెగింది వాటికి నాలుగైదు మిల్లీమీటర్ల వెనక, ఇన్సులేషన్ (వైరు మీది ప్లాస్టిక్ పొర) లోపల. పైకి ఏమీ కనిపించదు. అక్కడ ఇన్సులేషన్ ఒలిచి భూతద్దం కింద పెడితే సంగతి తెలుస్తుంది. వత్తికి నూనె ఎక్కినట్టు, సోల్డర్ సన్నని రాగి పోగుల సందుల్లోంచి పైకి పాకింది. పాకినంత మేరా పోగులన్నీ అతుక్కుని ఒక్క కడ్డీ అయ్యాయి. కడ్డీ వంగదు, దాని పక్కనున్న మెత్తని వైరు వంగుతుంది. రెండూ కలిసే ఆ గీత మీదే వంపంతా పడి, పోగులు ఒక్కొక్కటే విరుగుతాయి. ఆఖరి రెండు మూడు పోగులు తాకుతూ వీడుతూ ఉన్నప్పుడే మీకు శబ్దం గరగరమంటూ పోతూ వస్తూ ఉంటుంది.

దీనికి ఇంకో తప్పు తోడైంది. ప్లగ్ వెనకుండే రేకు పట్టీని అల్లిక తొడుగు మీదే బిగించాం. అల్లిక అంటే గొట్టం లాంటిది, లోపలి వైర్ల మీద జారుతుంది. పట్టీ దాన్ని గట్టిగానే పట్టుకుంది కానీ, కేబుల్ లాగిన ప్రతిసారీ ఆ బలం లోపలి వైర్ల మీద, అక్కణ్ణుంచి జాయింట్ల మీద పడింది. పైన వేసిన జిగురు పూత హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం) కూడా మంచి చేయలేదు. చల్లారాక అది గట్టి గొట్టంలా బిగుసుకుపోతుంది, దాని అంచు దగ్గర వైరు నిలువునా మడత పడుతుంది.

ఇప్పుడు కడుతున్న పద్ధతి ఇది. అల్లికను చివరి నుంచి 12 మి.మీ. వెనక్కి కోసి, పోగులు చెదరకుండా అంచు కాల్చి, పట్టీ కిందికి లోపలి రబ్బరు పొర వచ్చేలా చూస్తున్నాం. పట్టీ బిగించేది ఆ పొర మీదే. ఇన్సులేషన్ ఒలిచేది 3 మి.మీ., అందులో సోల్డర్ పూసేది చివరి 2 మి.మీ. మాత్రమే. ఆ వెనక భాగాన్ని చిన్న పట్టకారుతో పట్టుకుని సోల్డర్ పూస్తే, పట్టకారు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి సోల్డర్ దాన్ని దాటి పాకదు. ఆ తర్వాత జిగురు లేని హీట్ ష్రింక్ రెండు పొరలు: లోపలిది 30 మి.మీ., బయటిది 18 మి.మీ. ప్లగ్ దగ్గర గట్టిగా, దూరం జరిగేకొద్దీ మెత్తగా ఉంటే వంపు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది.

పాతవాటిని గుర్తుపట్టడం సులువు. ప్లగ్ వెనక తొడుగు నిగనిగలాడుతూ, గోటితో నొక్కితే గట్టిగా ఉండి, అంచు చుట్టూ జిగురు ఉంగరంలా కనిపిస్తే అది పాత పద్ధతిది. ఇంకా తెగకపోయినా పంపండి, రెండు చివర్లూ ఉచితంగా మళ్లీ కడతాం. కేబుల్ మొత్తమ్మీద 4 సెం.మీ. పొట్టిదవుతుంది.

పంపే ముందు చూసుకోవాలనుకుంటే మల్టీమీటర్ ఒక్కటి చాలు. ఓంలు (కరెంటుకు వైరు ఇచ్చే అడ్డు) కొలిచే 200 స్థానంలో పెట్టండి. బీప్ మోడ్ వద్దు, క్షణకాలపు తెగుడును అది చాలాసార్లు పట్టుకోదు. కేబుల్‌ను హెడ్‌ఫోన్ నుంచి విడదీసి, ప్లగ్ మొన నుంచి ఎడమ చెవి కనెక్టర్‌లో శబ్దాన్ని తెచ్చే సిగ్నల్ పిన్ను వరకు కొలవండి. మీటర్ తీగలు రెండింటినీ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేస్తే అర ఓం లోపు రావాలి. అలాగే ప్లగ్ మధ్య ఉంగరం నుంచి కుడికి, చివరి పొడవాటి భాగం నుంచి రెండు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) పిన్నులకూ చూడండి. కొలుస్తూనే ప్లగ్ దగ్గర వైరును నాలుగు దిక్కులా మెల్లగా వంచండి. అంకె కదలకుండా నిలబడితే వైరు బాగున్నట్టే. ఒక్కసారి ఎగిరినా లోపల పోగులు పోయినట్టు.

వైరు విడిరాని హెడ్‌ఫోన్ అయితే ప్లగ్ మీదే కొలవొచ్చు. మొనకూ చివరి భాగానికీ మధ్య ఎడమ డ్రైవర్ (చెవి దగ్గరుండే చిన్న స్పీకర్), ఉంగరానికీ చివరి భాగానికీ మధ్య కుడి డ్రైవర్ కనిపిస్తాయి. రెండూ దాదాపు సమానంగా, హెడ్‌ఫోన్ మీద రాసిన ఓంలకు దగ్గరగా ఉండాలి. వింటే తెలిసే గుర్తు కూడా ఒకటుంది. పాటలో గాయకుడి గొంతు దాదాపు మాయమై, వాయిద్యాలు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటే గ్రౌండ్ తెగినట్టు. అప్పుడు రెండు డ్రైవర్లూ వరసగా కలిసిపోయి ఎడమ, కుడి సిగ్నళ్ల మధ్య తేడానే వినిపిస్తాయి. గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి ఆ తేడాలో రద్దయిపోతుంది. ఈ గుర్తు చూసి డ్రైవర్లు పోయాయనుకుని హెడ్‌ఫోన్ పారేయకండి.

వెండి పూత కేబుల్ గురించి కూడా ఒక మాట. ధ్వని స్పష్టత పెరుగుతుందని దాని వివరణలో రాశాం. ఆ వాక్యం తీసేశాం, అది రాయకుండా ఉండాల్సింది. లెక్క చూడండి. 26 గేజీ (వైరు మందం కొలత) రాగి వైరుకు మీటరుకు 0.134 ఓం. ఒకటిన్నర మీటర్ల కేబుల్‌లో రానూపోనూ 3 మీటర్లు, అంటే 0.4 ఓం. 32 ఓంల హెడ్‌ఫోన్‌కు దానివల్ల తగ్గే శబ్దం సుమారు 0.1 డెసిబెల్. 300 ఓంలదైతే అందులో పదో వంతు. వెండి వాహకత రాగి కన్నా ఐదారు శాతం ఎక్కువ. పూర్తిగా వెండి తీగే వేసినా 0.4 కాస్తా 0.38 అవుతుంది. పూతకు ఆ మాత్రం తేడా కూడా రాదు. దాన్ని ఆ కారణంతో కొన్నవాళ్లు తిరిగి ఇచ్చేయొచ్చు, వాడినదైనా డబ్బు వాపసు ఇస్తాం.

కొలిస్తే కనిపించే తేడా ఒకటుంది, అది గ్రౌండ్‌ది. మూడు తీగల కేబుల్‌లో ఎడమ, కుడి రెండూ ఒకే గ్రౌండ్ మీదుగా తిరిగి వస్తాయి. ఆ గ్రౌండ్‌లో 0.2 ఓం ఉంటే 32 ఓంల హెడ్‌ఫోన్‌లో ఒక చెవి శబ్దం రెండో చెవిలోకి సుమారు 44 డెసిబెళ్లు తక్కువ స్థాయిలో లీకవుతుంది. నాలుగు తీగలు వేసి రెండు గ్రౌండ్లనూ ప్లగ్ దగ్గరే కలిపితే ఈ లీకు బాగా తగ్గుతుంది. అందుకే ఇకనుంచి రెండు చెవి కప్పులకూ విడిగా వైరు వెళ్లే హెడ్‌ఫోన్లన్నిటికీ నాలుగు తీగలదే కడతాం.

ఇక వైరు విడిరాని హెడ్‌ఫోన్‌కు సాకెట్ పెట్టించుకోవడం. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, సోనీ ఎండీఆర్ 7506 లాంటివాటికి ఈ పని ఎక్కువగా అడుగుతారు. ఎడమ కప్పుకు 3.5 మి.మీ. సాకెట్ పెట్టడానికి సాధారణంగా 6 మి.మీ. రంధ్రం కావాలి. డ్రైవర్‌ను పూర్తిగా బయటికి తీయకుండా డ్రిల్ పెట్టకూడదు. ప్లాస్టిక్ పొట్టు ఒక్క రవ్వ డయాఫ్రమ్ (డ్రైవర్‌లో కంపించే పల్చని పొర) మీద పడినా బేస్ వచ్చినప్పుడల్లా జరజరలాడుతుంది. 2 మి.మీ.తో మొదలుపెట్టి 4, ఆ తర్వాత 6. నేరుగా 6 పెడితే కప్పు పగులుతుంది. చాలా సాకెట్ల మర పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లే. కప్పు గోడ మందంగా ఉంటే నట్టు పట్టదు, అప్పుడు గోడను లోపలివైపు గీకి పల్చన చేయాలి. సాకెట్ వెనక భాగం డ్రైవర్‌కు తగలకుండా చోటుందో లేదో డ్రిల్ పెట్టకముందే కొలవాలి. కప్పు మూసిన రకమైతే సాకెట్ చుట్టూ గాలి ఆడకూడదు. సందు ఉంటే బేస్ పలచబడుతుంది, ఒక చెవిలోనే పలచబడుతుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. పల్చని రబ్బరు వాషర్ వేసి బిగిస్తే సరిపోతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లకు ఈ మార్పు చేయడం ఆపేశాం. లోపల సర్క్యూట్ ఉంటుంది, గ్రౌండ్ ఎక్కడ పడితే అక్కడ కలపడానికి వీల్లేదు, చోటూ ఉండదు.

బ్యాలెన్స్‌డ్ ప్లగ్ (ఎడమ, కుడి వైపులకు తీగలు ఎక్కడా కలవకుండా రెండేసి ఉండేది) అడిగేవాళ్లు ఒకటి గమనించాలి. ఒకే కప్పుకు మూడు తీగలు వచ్చే హెడ్‌ఫోన్‌కు ప్లగ్ మార్చినంత మాత్రాన అది బ్యాలెన్స్‌డ్ కాదు. హెడ్‌బ్యాండ్ గుండా కుడి కప్పుకు ఇంకో తీగ లాగాలి, సాకెట్ కూడా నాలుగు తీగలకూ విడివిడి కాంటాక్టులున్నది కావాలి. 4.4 మి.మీ. ప్లగ్‌లో మొన ఎడమ ప్లస్, తర్వాత ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్, చివరిది గ్రౌండ్. నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అనే గుండ్రటి ప్లగ్‌లో కూడా 1 నుంచి 4 వరకు అదే వరస. బ్యాలెన్స్‌డ్ యాంప్ (హెడ్‌ఫోన్‌ను నడిపే పరికరం) నుంచి మామూలు హెడ్‌ఫోన్‌కు అడాప్టర్ చేసివ్వమని అడగకండి. రెండు మైనస్‌లూ కలిస్తే యాంప్ అవుట్‌పుట్‌లు షార్ట్ అవుతాయి, యాంప్ కాలిపోవచ్చు.

సొంతంగా చేసుకునేవాళ్లు మా దగ్గర ప్లగ్, వైరు విడిగా కొంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆగిపోయే చోటు పాత వైరే. హెడ్‌ఫోన్ లోపలి పాత వైర్లలో చాలావాటికి ప్లాస్టిక్ తొడుగుండదు. ఎర్రగా, ఆకుపచ్చగా లేదా నీలంగా, రాగి రంగులో మెరుస్తూ వెంట్రుకల్లాంటి పోగులు, మధ్యలో నూలు దారం ఉంటాయి. ఆ రంగు ఎనామెల్ పూత. దాని మీద సోల్డర్ నీటిబొట్టులా జారిపోతుంది. బ్లేడుతో గీకితే పూత కన్నా ముందు పోగులు తెగుతాయి. సోల్డరింగ్ ఐరన్‌ను 390 డిగ్రీల దగ్గర పెట్టి, మొన మీద కొత్త సోల్డర్ బొట్టు నిలిపి, వైరు చివరి 3 మి.మీ.ను ఆ బొట్టులో మూడు నాలుగు సెకన్లు ముంచండి. పూత కాలి నల్లటి తెట్టులా పక్కకు పోతుంది, వైరు వెండిలా మెరుస్తుంది. మెరవకపోతే బొట్టు తుడిచి కొత్తది పెట్టి మళ్లీ ముంచండి. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, కిటికీ తెరిచి ఫ్యాన్ పెట్టుకోండి. సాధారణంగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు గ్రౌండ్. అయినా మీటర్‌తో చూశాకే నమ్మండి.

డ్రైవర్ దగ్గరకు వచ్చేసరికి వేడి 330కి తగ్గించండి. 63/37 సోల్డర్ (తగరం 63, సీసం 37 పాళ్లు) 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి రెండు సెకన్లు చాలు. ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ కరిగి, డ్రైవర్ మీద వైరు అతికించే సోల్డర్ బిళ్ల ఊగిపోతుంది, దానికి అంటుకున్న కాయిల్ తీగ తెగుతుంది. ఆ తీగ తెగితే డ్రైవర్ మార్చడం తప్ప దారి లేదు. సోల్డరింగ్ ఐరన్ మొన మీద ఇనుము పూత ఉంటుంది, డ్రైవర్ అయస్కాంతం దాన్ని లాగుతుంది. చేయి ఆనించుకుని పని చేయండి, డయాఫ్రమ్ వైపు వేడి తట్టుకునే టేపు వేయండి. పాత వైరు తీసేముందు ఏ రంగు ఏ బిళ్లకుందో ఫోటో తీసుకోండి. ఒక్క డ్రైవర్‌కు ప్లస్ మైనస్ తారుమారైనా బేస్ పలచగా అనిపిస్తుంది, గొంతు మధ్యలో నిలవదు.

కప్పు లోపల వైరుకు కంపెనీవాళ్లు వేసిన ముడి ఉంటుంది. దాన్ని విప్పినవాళ్లు మళ్లీ వేయడం మర్చిపోతారు, వారం తిరగకుండా జాయింట్ ఊడుతుంది. ముడి పట్టనంత వైరు మందంగా ఉంటే చిన్న కేబుల్ టై బిగించి తోక కోసేయండి. ప్లగ్ డొప్ప, హీట్ ష్రింక్ ముక్కలు సోల్డర్ చేయకముందే వైరుకు ఎక్కించుకోవాలి.

సాకెట్ ఉన్న హెడ్‌ఫోన్ వాడేవాళ్లు కేబుల్‌ను ముందు హెడ్‌ఫోన్‌కు, తర్వాత యాంప్‌కు పెట్టండి. అటుదిటు చేస్తే ప్లగ్ సాకెట్లోకి జారేటప్పుడు అవుట్‌పుట్ క్షణంపాటు షార్ట్ అవుతుంది.

మరమ్మతుకు పంపేటప్పుడు చీటీ మీద ఈ నాలుగు రాయండి: హెడ్‌ఫోన్ మోడల్, ఓంలు, కావలసిన పొడవు, దేనికి తగిలించి వింటారో. మైకు కావాలంటే అదీ రాయండి. ఇప్పటి ఫోన్లకు నాలుగు భాగాల ప్లగ్‌లో గ్రౌండ్ రెండో ఉంగరం మీద, మైకు చివరి భాగం మీద ఉండాలి. పాత పరికరాలు కొన్నిటికి ఇది తిరగబడి ఉంటుంది. ఇయర్‌ప్యాడ్లు తీసి విడిగా చుట్టి పెడితే దారిలో నలగవు.